మస్టర్‌లో (కంపెనీ హాజరు పట్టీలో) పేరు లేనివారికీ ఓటు కావాలి: కేంద్ర కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. మాది గోదావరిఖని. నాన్న ముప్పై ఏళ్లకు పైగా బొగ్గు బాయిలో పనిచేసి దిగిపోయారు. సింగరేణిలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నా, బొగ్గు గనుల్లో కార్మిక సంబంధాలు మీ శాఖ పరిధిలోనివి. కార్మికుల తరఫున కంపెనీతో మాట్లాడే గుర్తింపు సంఘం ఎన్నికలు జరిపించేదీ మీ అధికారులే. అందుకే కాంట్రాక్టు కార్మికుల ఓటు గురించి ఈ లేఖను హైదరాబాదుకు కాకుండా ఢిల్లీకి రాస్తున్నాను.

కార్మిక సంఘాల కాలం చెల్లిందని, నేటి కార్మికుడికి వాటి మీద ఆసక్తి లేదని తరచుగా వింటున్నాము. ఆ మాట అనేవారు 2023 డిసెంబరు 27న మా ప్రాంతానికి వచ్చి ఉంటే బాగుండేది. 2017 తర్వాత ఆరేళ్లకు పైగా నిరీక్షించి జరిగిన ఆ గుర్తింపు ఎన్నికల్లో 39 వేల మందికి పైగా ఓటర్లుండగా, నూటికి 94 మంది పోలింగ్ కేంద్రాలకు వచ్చి ఓటు వేశారు. పదకొండు ఏరియాల్లో ఆరింటిని కాంగ్రెస్ అనుబంధ సంఘం ఐఎన్‌టీయూసీ, ఐదింటిని సీపీఐ అనుబంధ సంఘం ఏఐటీయూసీ గెలుచుకోగా, మొత్తం ఓట్లలో ఆధిక్యం సాధించిన ఏఐటీయూసీ కంపెనీ స్థాయి గుర్తింపు పొందింది. సమ్మెలతో అట్టుడికిన గనుల్లో 1998లో రహస్య బ్యాలెట్‌ను ప్రవేశపెట్టినప్పటి నుంచీ కార్మికుడు గెలిపించినవారిని మళ్లీ ఓడిస్తూ, ఓడినవారిని మళ్లీ గెలిపిస్తూ వచ్చాడు. తన ఓటుకు విలువ ఉందని తెలిసిన చోట కార్మికుడు సంఘానికి దూరం కాలేదు.

అయితే ఆ రోజు వేల మంది ఓటు వేయలేదు. వేయకూడదనుకున్నందువల్ల కాదు, వారి పేర్లు జాబితాలో లేనందువల్ల.

1990ల ఆరంభంలో సింగరేణిలో పర్మినెంట్ కార్మికులు లక్షకు పైగా ఉండేవారు. ఇప్పుడు వారి సంఖ్య నలభై వేల దరిదాపుల్లో ఉంది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్ కాస్టులు (ఉపరితల గనులు) వచ్చాయి, తట్టా చెమ్మసు (బొగ్గు ఎత్తే బుట్ట, పార) పట్టిన చేతుల స్థానంలో యంత్రాలు వచ్చాయి. అంతవరకు అర్థం చేసుకోగలము. కానీ పని మిగిలి ఉన్న చోట కూడా మనుషులు కంపెనీ పుస్తకాల నుంచి మాయమయ్యారు. బొగ్గు మీద మట్టి తీసే ఓబీ పని, బొగ్గు రవాణా, పారిశుద్ధ్యం, కాపలా, ఇలా ఒక్కొక్కటిగా టెండర్లకు వెళ్లాయి. ఆ పనులు నిన్న ఉన్నాయి, రేపూ ఉంటాయి. వాటిని చేసేవారిలో చాలామంది పది, పదిహేనేళ్లుగా అవే గనుల దారి పట్టి వెళ్లేవారే.

మా దగ్గరి బంధువుల అబ్బాయి ఒకడు కాంట్రాక్టరు దగ్గర డంపరు నడిపేవాడు. అది ఏ సంస్థ పనో, ఏ ఊరో రాయను, రాస్తే అతనికి మరోచోట కూడా పని దొరకదు. జీతంలో కోసుకుంటున్న పీఎఫ్ సొమ్ము తన ఖాతాలో జమ కావడం లేదని అతను సూపర్‌వైజరును అడిగాడు. మూడో రోజున గేటు దగ్గర అతని పాస్ పనిచేయదని చెప్పి వెనక్కి పంపించారు. చార్జిషీట్ లేదు, విచారణ లేదు, ఒక్క ముక్క కాగితం లేదు. మా నాన్న తరంలో గైర్హాజరుకు చార్జిషీట్ వస్తే ఇంట్లో అందరమూ భయపడేవాళ్లం. అయినా దానికి జవాబు రాసుకునే గడువుండేది, ఆ జవాబు పట్టుకుని పిట్ సెక్రటరీ (గనిలో సంఘం ప్రతినిధి) మేనేజరు గదిలోకి వెళ్లేవాడు. ఈ అబ్బాయి వెంట వెళ్లేవాడెవరు? పర్మినెంట్ కార్మికుల సంఘానికి అతను సభ్యుడు కాడు, కాంట్రాక్టరు దగ్గర సంఘమే లేదు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతిని (లేబర్ కోడ్‌ను) ఈ అబ్బాయి వైపు నుంచి చదవమని మిమ్మల్ని కోరుతున్నాను. ఒకటి కంటే ఎక్కువ సంఘాలున్న సంస్థలో, మస్టర్ రోల్‌లో ఉన్న కార్మికుల్లో 51 శాతం మద్దతున్న సంఘమే యాజమాన్యంతో చర్చించే సంప్రదింపుల సంఘమని, అంత మద్దతు ఏ సంఘానికీ లేకపోతే 20 శాతానికి తగ్గని మద్దతున్న సంఘాలతో సంప్రదింపుల మండలి ఏర్పడుతుందని ఆ స్మృతి చెబుతోంది. ఇక్కడ కీలకమైన మాట మస్టర్ రోల్. పని చేయించుకునేది కంపెనీ, మస్టర్ ఉండేది కాంట్రాక్టరు దగ్గర. కంపెనీతో మాట్లాడే సంఘాన్ని నిర్ణయించే లెక్కలో ఈ మనిషి లేడు. కాంట్రాక్టరు దగ్గర సంఘం కట్టుకోవచ్చు కదా అంటారేమో. టెండరు గడువు ముగియగానే కాంట్రాక్టరు మారతాడు, అవే మనుషులు అదే మట్టిని కొత్త యజమాని పేరు మీద ఎత్తుతారు, సంఘం మాత్రం మళ్లీ మొదటి నుంచి మొదలుకావాలి.

ఇది ఒక్క స్మృతితో వచ్చిన పరిస్థితి కాదు. కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినా కార్మికులు తమంతట తాముగా ప్రధాన యజమాని (పనిని కాంట్రాక్టుకిచ్చిన సంస్థ) ఉద్యోగులు కాబోరని 2001లో సుప్రీంకోర్టు స్టీల్ అథారిటీ కేసులో తీర్పు చెప్పింది. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం 20 మంది ఉన్న చోట వర్తించేది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన వృత్తి భద్రతా స్మృతి ఆ సంఖ్యను 50కి పెంచింది. చిన్న చిన్న ముక్కలుగా పనిని పంచుకునే కాంట్రాక్టర్లకు ఇది ఎంత వీలు కల్పిస్తుందో మీకు నేను వివరించనక్కరలేదు.

సమ్మె సంగతి కూడా చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ బొగ్గు సంస్థ కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికులకు అమలవుతున్న హైపవర్ కమిటీ వేతనాలు తమకూ ఇవ్వాలని సింగరేణి కాంట్రాక్టు కార్మికులు 2022 సెప్టెంబరులో రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. గుర్తింపు లేదు, ఓటు లేదు, కనుక వారికి మిగిలిన దారి అదొక్కటే. ఇప్పుడు ఆ దారి మరింత ఇరుకైంది. ఇంతకుముందు ప్రజోపయోగ సేవలకే పరిమితమైన సమ్మె నోటీసు నిబంధన కొత్త స్మృతితో అన్ని పరిశ్రమలకూ విస్తరించింది. నోటీసు ఇచ్చాక 14 రోజులు ఆగాలి, ఈలోగా రాజీ చర్చలు మొదలైతే అవి ముగిసిన తర్వాత మరో 7 రోజుల వరకు సమ్మె చేయరాదు. సగం మంది కలిసి ఒకే రోజు క్యాజువల్ లీవు పెట్టినా అదీ సమ్మె కిందికే వస్తుంది. మద్రాసు మిల్లు కార్మికుల సంఘాన్ని 1918లో స్థాపించిన బి.పి. వాడియా మీద యజమానులు నష్టపరిహారం కోసం కోర్టుకెక్కిన తర్వాతే ఈ దేశానికి 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం అవసరమైంది. వందేళ్ల కింద ఆ చట్టం ఏ అభద్రత నుంచి కార్మికుణ్ణి కాపాడడానికి పుట్టిందో, కాంట్రాక్టు కార్మికుడు నేడు అదే అభద్రతలో ఉన్నాడు.

సంఘాల తప్పులను దాచిపెట్టి మీకు విన్నవించడం నాకు ఇష్టం లేదు. ప్రతి సంఘమూ ఏదో ఒక పార్టీ నీడలో నిలబడింది. బదిలీలకు, క్వార్టర్లకు పైరవీలు చేయడమే నాయకత్వమని కొందరు భావించారు. అన్నింటికంటే పెద్ద తప్పు, పక్కనే పనిచేస్తున్న కాంట్రాక్టు కార్మికుణ్ణి ఏళ్ల తరబడి తమవాడిగా చూడకపోవడం. పర్మినెంట్ ఉద్యోగుల సంఖ్య కరిగిపోతుంటే తమ బలమే కరిగిపోతోందని వారు గుర్తించేసరికి ఆలస్యమైంది. అయినా ఓటు ఉన్నవాడు తప్పు చేసిన నాయకుణ్ణి దించగలడు, సింగరేణిలో దించారు కూడా. ఓటే లేనివాడు ఎవరిని దించగలడు?

కనుక నా విన్నపం ఇది. ఏడాది పొడవునా సాగే పనుల్లో ఉన్న కాంట్రాక్టు కార్మికులను, కాంట్రాక్టరు ఎవరైనా సరే, ఆ పని జరిగే సంస్థ ఓటరు జాబితాలో చేర్చండి. అందుకు చట్టాన్ని సవరించాల్సి వస్తే సవరించండి. ఒకే జాబితా సాధ్యం కాదనుకుంటే వారికి విడిగా రహస్య బ్యాలెట్ జరిపి, గెలిచిన సంఘం ప్రధాన యజమానితోనే చర్చించే హక్కును ఇవ్వండి. టెండరు మారినా ఆ గుర్తింపు కొనసాగేలా చూడండి. గుర్తింపు గడువు ముగిసిన వెంటనే ఎన్నిక జరగాలని, ఆరేళ్ల ఎదురుచూపులు మళ్లీ రాకూడదని నిబంధనల్లో రాయించండి. సంఘం పెట్టుకునే స్వేచ్ఛకు, సమష్టి బేరసారాలకు సంబంధించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 87, 98 ఒప్పందాలను మన దేశం ఇంతవరకు ఆమోదించలేదు. ఆ సంస్థలో ఆది నుంచీ సభ్యులమైన మనకు ఇది తగదు.

సింగరేణిలో తదుపరి గుర్తింపు ఎన్నికలకు మీ అధికారులు ఓటరు జాబితా తయారు చేసేటప్పుడు, కంపెనీ ఇచ్చే మస్టర్‌తో పాటు ఓబీ కాంట్రాక్టర్ల మస్టర్లను కూడా తెప్పించమని ఆదేశించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక బొగ్గుగని కార్మికుని కుమారుడు,
గోదావరిఖని