తెల్లకణాల కౌంట్ ఒక్కటే చూస్తే చాలదు

సంపాదకులకు,

రక్తపరీక్షలో తెల్లకణాల కౌంట్ ఎక్కువగా ఉంటే ‘ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంది’ అని యాంటీబయాటిక్ రాసి పంపడం మన పట్టణాల్లో పరిపాటి. చాలాసార్లు అది నిజమే. అయితే ఆ ఎక్కువ కౌంట్ వెనుక లుకేమియా (రక్త క్యాన్సర్) ఉంటే ఈ అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది కాబట్టి, జిల్లా ఆస్పత్రుల్లో సీబీపీ (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష) రిపోర్టును చదివే తీరు గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

మైక్రోలీటరు రక్తంలో తెల్లకణాలు 4,000 నుంచి 11,000 వరకు ఉండటం మామూలు. అవి ఎన్ని ఉన్నాయన్నదే కాదు, అవసరమైన చోటికి చేరగలవా అన్నదీ చూడాలి. తెల్లకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్ ఆరోగ్యంగా ఉంటే, గాయం దగ్గర వెలువడే రసాయన సంకేతాలను పసిగట్టి, రక్తనాళపు గోడ వెంట దొర్లుతూ వెళ్లి, అక్కడ గట్టిగా అతుక్కుని, గోడ సందుల్లోంచి బయటికి దూరి, సూక్ష్మజీవిని మింగుతుంది. అక్యూట్ (వేగంగా ముదిరే) లుకేమియాలో పక్వానికి రాకుండానే ఎముక మజ్జ నుంచి రక్తంలోకి వచ్చిపడే బ్లాస్ట్ కణాలకు ఆ పని చేతకాదు. అందుకే మొత్తం కౌంట్ 80,000 ఉన్న రోగిలో కూడా పనికొచ్చే న్యూట్రోఫిల్స్ 500 ఉండకపోవచ్చు.

చీములో ఎక్కువ భాగం న్యూట్రోఫిల్సే. అవి చేరని చోట చీమూ పట్టదు. సెలైన్ సూది గుచ్చిన చోట ఇన్ఫెక్షన్ సోకినా కాస్త ఎరుపు, నొప్పి తప్ప మరేమీ కనిపించదు. నిమోనియా ఉన్నా తొలిరోజుల్లో ఎక్స్‌రే శుభ్రంగానే ఉండవచ్చు. అలాంటి రోగికి జ్వరం ఒక్కటే ఆనవాలు కావచ్చు. ‘చీము లేదుగా, అదే తగ్గిపోతుందిలే’ అనడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

చేరాల్సిన చోటికి చేరలేని ఈ బ్లాస్ట్ కణాలు చేరకూడని చోటికి మాత్రం చేరతాయి. పిల్లల్లో ఎక్కువగా కనిపించే లింఫోబ్లాస్టిక్ రకంలో అవి మెదడు పొరల్లో తలదాచుకుంటాయి. వెన్నులోకి మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు ఇంజెక్షన్ ఇచ్చేది అందుకే. ఆ సూదికి హడలిపోయే తల్లిదండ్రులకు ఈ సంగతి విడమరిచి చెప్పే తీరిక మన వార్డుల్లో ఎవరికి ఉంది? మైలాయిడ్ రకంలో కౌంట్ లక్ష దాటితే, పెద్దవీ బిరుసైనవీ అయిన బ్లాస్టులు ఊపిరితిత్తుల్లో, మెదడులో సన్నటి నాళాలకు అడ్డుపడి ఆయాసం, మసకచూపు, మగత తెస్తాయి. అప్పుడు రోగి పాలిపోయి ఉన్నాడని తొందరపడి రక్తం ఎక్కిస్తే చిక్కదనం పెరిగి పరిస్థితి విషమించవచ్చు.

వైద్యారోగ్య శాఖకు నా విన్నపం ఒక్కటే. కౌంట్ అసాధారణంగా ఉన్న ప్రతి నమూనాకూ మెషిన్ ఇచ్చిన అంకెతో సరిపెట్టకుండా, అదే రోజు స్లైడు తీసి పాథాలజిస్టు చూసేలా, బ్లాస్టులు కనిపిస్తే రిపోర్టు కాగితం కోసం ఆగకుండా వైద్యుడికి ఫోన్ చేసేలా ఆదేశాలివ్వాలి. కీమో తీసుకుంటున్నవారు జ్వరంతో వస్తే ఓపీ వరుసలో నిలబెట్టకుండా గంటలోపు సెలైన్ ద్వారా యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. ఇందుకు కొత్త యంత్రాలేవీ కొనక్కర్లేదు. మైక్రోస్కోపులు ఇప్పటికే ఉన్నాయి, ఖాళీగా ఉన్న పాథాలజిస్టు పోస్టులు భర్తీ చేస్తే చాలు.

— విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకుడు, ఖమ్మం