జులై 4న పుట్టింది దేశం కాదు, కాగితం

ఎడిటర్ గారికి,

అమెరికా 250 ఏళ్ల పండగంటూ మొన్న జులై 4న మీరు వేసిన ప్రత్యేక పేజీ గురించే ఈ ఉత్తరం. ఈపాటికి ఎవరో ఒకరు రాసే ఉంటారని ఆగాను. లేఖల శీర్షికలో వీధికుక్కలూ కరెంటు కోతలూ తప్ప దాని ఊసే రాలేదు.

పేజీలో ముప్పావు వంతు బాణసంచా, పట్టుపంచెలు కట్టుకుని జెండాలు ఊపుతున్న మన ఎన్నారైలు. మిగిలిన పావులో చరిత్ర. అందులో ఉన్నదేమిటయ్యా అంటే, దొరలు టీ మీద పన్ను పెంచారు, జనం టీ పెట్టెలు సముద్రంలో పారేశారు, 1776 జులై 4న స్వాతంత్ర్యం వచ్చేసింది. అయిపోయింది!

పన్ను పెంచారని ఎవరు చెప్పారండీ? 1773 నాటి చట్టంతో టీ ధర తగ్గింది. లండన్ గోదాముల్లో సరుకు పేరుకుపోయి ఈస్టిండియా కంపెనీ దివాలా అంచున ఉంటే, దాన్ని బతికించడానికి నేరుగా అమెరికాలో చవగ్గా అమ్ముకోమన్నారు. పాత పన్ను మాత్రం తీసెయ్యలేదు. చవకగా వస్తుంది కదా అని కొన్నామా, మమ్మల్ని అడక్కుండా పన్ను వేసే హక్కు మీకుందని ఒప్పుకున్నట్టే అని అక్కడివాళ్ల వాదన. స్థానిక వర్తకులకూ, దొంగచాటుగా టీ దిగుమతి చేసుకునేవాళ్లకూ కడుపు మండింది, అది వేరే సంగతి. డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో నీళ్లపాలైన 342 పెట్టెలూ కంపెనీవే.

ఆ కంపెనీ ఎవరో బందరువాళ్లకు చెప్పాలా? 1611లో మా రేవులో దిగి కొట్టు పెట్టుకున్నది వాళ్లే కదా. అమెరికా మీద పన్నులు ఎందుకు పడ్డాయో చూడండి. ఫ్రెంచివాళ్లతో ఏడేళ్ల యుద్ధం చేసి ఇంగ్లండు అప్పుల్లో మునిగింది. ఆ యుద్ధంలోనే 1759లో ఫోర్డ్ అనే కల్నలు బందరు కోటను ఫ్రెంచివాళ్ల చేతిలోంచి లాక్కున్నాడు. 1765లో అమెరికా మీద, అక్కడి కాగితాలకు పన్ను వేసే స్టాంపు చట్టం వచ్చింది. కంపెనీ తరఫున క్లైవ్ మొగలు చక్రవర్తి చేత ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలు, రాయించుకున్నదీ ఆ ఏడాదే. ఈ సంగతులు చెప్పే తెలుగు పత్రిక ఉంటుందని ఆశపడ్డాను. డల్లాస్ ఫొటోకు దొరికిన చోటు బందరుకు దొరకలేదు.

ఇక ఆ జులై 4. అప్పటికి ఏడాది పైగా తుపాకులు పేలుతూనే ఉన్నాయి. అక్కడి ప్రతినిధుల సభ విడిపోవాలని ఓటు వేసింది జులై 2న, ప్రకటన పాఠాన్ని ఆమోదించింది 4న, ఎక్కువమంది సంతకాలు పెట్టింది ఆగస్టు 2న. తర్వాత ఐదేళ్లకు గానీ, అదీ ఫ్రెంచి సైన్యమూ నౌకలూ వచ్చి ఆదుకుంటే గానీ, యార్క్‌టౌన్‌లో ఇంగ్లండు సేనాని కారన్‌వాలీసు లొంగలేదు. లొంగుబాటుకు కూడా ఒంట్లో బాగోలేదని కింది అధికారిని పంపాడు. ఇంగ్లండు ఒప్పుకుని సంతకం పెట్టింది 1783 సెప్టెంబరు 3న.

అక్కడ ఓడిన కారన్‌వాలీసుకు శిక్ష పడిందనుకుంటున్నారా? 1786లో గవర్నర్ జనరల్ చేసి మన నెత్తిన కూర్చోబెట్టారు. బెంగాల్లో ఆయన పెట్టిన శాశ్వత శిస్తు పదేళ్లు తిరక్కుండా మన సర్కారు జిల్లాలకూ వచ్చింది, జమీందార్లు తయారయ్యారు. ఆ పీడ వదిలించడానికి 1948లో చట్టం చెయ్యాల్సి వచ్చింది.

పోనీ, 1783లోనైనా అమెరికా దేశమైందా? లేదు. పదమూడు రాష్ట్రాలు, ఎవరి గోల వాళ్లది. కేంద్రానికి పన్ను వేసే అధికారమే లేదు, రాష్ట్రాల ముందు చెయ్యి చాచాలి. అదే ఏడాది జూన్‌లో జీతాలందని సిపాయిలు ఫిలడెల్ఫియాలో సభ నడుస్తున్న భవనాన్ని చుట్టుముట్టారు. స్వాతంత్ర్యం ప్రకటించిన ఆ భవనం నుంచే సభ్యులు బయటపడి ప్రిన్స్‌టన్‌కు చేరారు. మాసచూసెట్స్‌లో అప్పులకు పొలాలు పోతున్న రైతులు కోర్టులు మూయించారు. వాళ్లలో చాలామంది యుద్ధం చేసి వచ్చినవాళ్లే. అప్పుడు 1787లో కూర్చుని రాజ్యాంగం రాసుకున్నారు. 1789లో తొలి అధ్యక్షుడిగా వాషింగ్టన్ ప్రమాణం చేసేనాటికి కూడా పదమూడులో రెండు బయటే ఉన్నాయి. రోడ్ ఐలండ్ 1790లో చేరింది, అదీ అనుకూలంగా 34, వ్యతిరేకంగా 32 ఓట్లతో. 1947 ఆగస్టు 15న హైదరాబాద్ ఎక్కడుందో తెలిసిన తెలుగువాళ్లకు ఇది అర్థం కాని విషయమా? అందరూ సమానమని ప్రకటించిన ఆ దేశంలో అప్పుడు ఐదోవంతు జనం బానిసలు. దాని గురించి మీ పేజీలో ఒక్క ముక్క లేదు.

రాసిన కుర్రవాణ్ణి అనడం లేదు. అతను చదువుకున్న రోజుల్లో చరిత్ర ఎక్కడుంది? ఊరినిండా ఎంపీసీ, బైపీసీ బోర్డులే. హెచ్ఈసీలో చేరతానంటే తల్లిదండ్రులు టెన్షన్ పడిపోతారు. లెక్చరర్ రిటైరైతే ఆ పోస్టు కూడా అతనితోపాటే రిటైరవుతుంది. అధికారులు ఆగస్టు 15న మైకు ముందు "మహనీయుల త్యాగఫలం" అని ఏటా అదే కాగితం చదివి జిలేబీ తిని వెళ్లిపోతారు. 1759 సంగతి నాలుగు లైన్లలో రాసి కోట దగ్గర బోర్డు పెట్టించండని అర్జీ ఇస్తే, ఒక ఆఫీసువాళ్లు మాది కాదన్నారు, రెండో ఆఫీసువాళ్లు ముందు మొదటి ఆఫీసు నుంచి లెటర్ తెమ్మన్నారు.

సవరణ వేస్తే వేయండి, లేకపోతే మానేయండి. వేస్తే మాత్రం మా జిల్లా ఎడిషన్‌లో మూలన పడేయకుండా మెయిన్‌లో వేయండి. తప్పులు వచ్చింది మెయిన్‌లోనే.

– ఒక రిటైర్డ్ చరిత్ర లెక్చరర్,
మచిలీపట్నం