నాన్న కోసం, నా కోసం ప్రార్థించిన అందరికీ వందనాలు

మెదక్‌లోని మా సంఘస్థులందరికీ, దూరాన ఉండి ప్రార్థనలో జ్ఞాపకం చేసుకున్న బంధువులకూ ప్రభువు నామమున వందనాలు.

నాన్నకు డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి పోయే జబ్బు అని తెలిసినప్పటి నుంచి మీరంతా ఆయన స్వస్థత కోసం ప్రార్థిస్తున్నారు. నేను దాంతోపాటు నా కోసం ఓపిక కూడా అడుగుతూ వచ్చాను. జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషి, అర్ధరాత్రి లేచి బడికి టైమైందని తలుపు గడియ తీస్తారు. అన్నం కలిపి పెడితే కంచం తోసేస్తారు. ఒక్కోసారి నన్నే "ఎవరమ్మా నువ్వు?" అని అడుగుతారు. పొద్దున నేను బైబిల్ తెరిస్తే రెండు వచనాలు కాకముందే కళ్లు మూతలు పడేవి. మోకరించినా మాట వచ్చేది కాదు.

మార్కు సువార్త 9వ అధ్యాయంలో, జబ్బుపడ్డ కొడుకును యేసు ప్రభువు దగ్గరికి తెచ్చిన తండ్రి ఉన్నాడు కదా. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని కేక వేశాడు. బిడ్డ కోసం వచ్చినవాడు తన కోసం కూడా చెయ్యి చాచాడు. ముందు విశ్వాసం గట్టిచేసుకుని రమ్మని ప్రభువు అతన్ని తిప్పి పంపలేదు, అక్కడికక్కడే పిల్లవాణ్ని బాగుచేశాడు. నాకు ఆ ఒక్క మాటే ప్రార్థన అయింది. పొయ్యి దగ్గర, నాన్న బట్టలు మారుస్తూ, మందుల షాపు ముందు నిలబడి అదే అడిగాను.

ఆ తర్వాతే స్త్రీల సహవాసంలోని అక్కలు, అత్తలు వంతులేసుకుని రావడం మొదలుపెట్టారు. నేను ఎవరినీ పిలవలేదు. ఒకరోజు ఒక పెద్దమ్మ నాన్న పక్కన కూర్చుని పాత కీర్తన ఎత్తుకుంది. ఆమె ఎవరో నాన్నకు గుర్తులేదు. రెండో చరణం దగ్గర మాత్రం ఆయన గొంతు కలిపారు, మోకాలి మీద తాళం వేస్తూ, ఒక్క మాట తప్పకుండా. పాట ఆగకుండానే నేను ముద్దలు పెట్టాను. కంచం ఖాళీ అయింది. చిన్నప్పటి పాటలు ఇలాంటివాళ్లలో చాలాకాలం నిలుస్తాయని డాక్టరుగారు తర్వాత చెప్పారు. ఇప్పుడు మా ఇంట్లో భోజనానికి ముందు కీర్తన తప్పదు.

పాస్టరుగారికి ప్రత్యేక వందనాలు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన మన చర్చి అంటే నాన్నకు ప్రాణం. ప్రభువు జననం, సిలువ, ఆరోహణం ఉన్న ఆ రంగుటద్దాల కిటికీలను చిన్నప్పుడు మాకు ఒక్కొక్కటీ చూపించి కథ చెప్పేవారు. సందర్శకుల రద్దీ ఉంటే నాన్న బెదిరిపోతారని, పాస్టరుగారు జనం లేని మధ్యాహ్నం చూసి తీసుకెళ్లే ఏర్పాటు చేశారు. ఎండకు సిలువ కిటికీ వెలుగుతుంటే నాన్న చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

నాన్న జబ్బు తగ్గలేదు. తగ్గుతుందని డాక్టరుగారూ చెప్పలేదు. నాకు మాత్రం ఏ రోజుకు కావలసిన ఓపిక ఆ రోజుకు దొరుకుతోంది, అది నా సొంతం కాదని నాకు బాగా తెలుసు. దేవునికే స్తోత్రం. రాత్రిళ్లు వచ్చి కాపలా పడుకుని నన్ను నిద్రపోనిచ్చిన యవనస్థులకూ, అడగకుండానే కూర క్యారియర్ పంపిన పక్కింటివాళ్లకూ ఎంత చెప్పినా తక్కువే.

మన సంఘంలో మంచాన పడ్డవాళ్లను చూసుకుంటూ ఆదివారం ఆరాధనకు కూడా రాలేకపోతున్నవాళ్లు ఇంకా ఉన్నారు. మీకు తెలిసినవాళ్లుంటే నాకు ఫోన్ చేయండి. మధ్యాహ్నాలు నాన్న పడుకున్నప్పుడు ఒక గంట వెళ్లి కూర్చోగలను.