రాళ్ల వరుసకు పైన: సోమశిల తీరంలో గుడారాల మైదానం, పార్కింగు స్థలం పునరుద్ధరణ – 2025 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు, గ్రామ పెద్దలకు, జాలరి కుటుంబాలకు నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం శక్తియుక్తులన్నీ ఒకే పనికి ధారపోశాం. కృష్ణ ఒడ్డున గుడారాలు వేసుకునే మైదానాన్ని, దాన్ని ఆనుకొని వాహనాలు నిలిపే చోటును బాగుచేశాం. ఏటా జరిపే క్రీడా పోటీలను, పుస్తకాల పంపిణీని అందుకోసం ఆపుకోవలసి వచ్చింది. అది కొందరు సభ్యులకు కష్టం కలిగించిందని తెలుసు. పని ఎంతవరకు వచ్చింది, ఎక్కడ పొరబడ్డాం అన్నవి దాచకుండా చెబుతాను. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా సభ ముందు ఉంచుతారు.

మైదానం ఎలా ఉండేదో అందరూ చూసినదే. శని, ఆదివారాల్లో కార్లు నేరుగా నీటి అంచు దాకా దిగేవి. అక్కడే కడగడం, అక్కడే వంట, అక్కడే సీసాలు పగలగొట్టడం. చక్రాలు తొక్కిన గాడులు మొదటి వానకే కాలువలయ్యేవి, రెండో ఏటికి గండ్లయ్యేవి. పుట్టి (గుండ్రటి చిన్న పడవ) నుంచి ఒట్టి కాళ్లతో దిగే జాలరులకు గాజుపెంకులు గుచ్చుకున్నాయి. చేపలు ఎండబెట్టే ఆడవాళ్లు తమ చోటు వదులుకొని పక్కకు జరిగారు. తరతరాలుగా ఈ ఒడ్డు మీద బతికినవారు సెలవు రోజుల్లో దాని దగ్గరకే రాలేకపోవడం మనందరికీ తలవంపు. కార్యవర్గాన్ని కదిలించింది ఆ సంగతే.

సోమశిల ఒడ్డు మామూలు నది ఒడ్డు వంటిది కాదు. ఇవి శ్రీశైలం జలాశయపు వెనుక జలాలు. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. నిండినప్పుడు నీళ్లు మన మెట్లను తాకుతాయి. వేసవిలో 840 అడుగుల కిందికి దిగిన ఏడాది అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి పూర్తిగా బయటపడుతుంది. అంటే నిలువునా 45 అడుగుల తేడా. ఏటవాలు నేల మీద అది చాలా దూరపు నడక. ఆగస్టులో ఒడ్డు అనుకున్నది ఏప్రిల్‌కు ఒడ్డు కాదు. కాబట్టి ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఏ గీతకు పైన కట్టాలి?

దీనికి పరికరాలేవీ తేలేదు. 2024 జూలై చివర శ్రీశైలం గేట్లు ఎత్తారు. ఆగస్టులో జలాశయం నిండుగా ఉండి, వరద నెమ్మదించి, గాలి లేని ఉదయాలు చూసుకొని నీటి అంచు వెంబడి రాళ్లు పాతుకుంటూ పోయాం. నిశ్చలంగా నిలిచిన నీటికన్నా నిక్కమైన మట్టపు గీత ఎవరు గీయగలరు? నీరు దిగాక చూస్తే ఆ వరుస మనం ఊహించుకున్న చోట లేదు. కార్లు నిలుపుతున్న చోటులో సగానికి పైగా ఆ రాళ్లకు దిగువనే ఉంది. ఇన్నేళ్లూ మనం పార్కింగు స్థలం అన్నది జలాశయపు అడుగు.

మరో గుర్తు కూడా లెక్కలోకి తీసుకున్నాం. 2009 అక్టోబరు వరదల్లో శ్రీశైలం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 896 అడుగులు దాటింది. కర్నూలు నగరం మునిగింది ఆ రోజుల్లోనే. అప్పుడు నీరు ఎక్కిన చోటును ఊరి పెద్దలు వేలుపెట్టి చూపించారు. మళ్లీ అంతటి వరద రాకపోవచ్చు. అయినా మరుగుదొడ్లను, మురుగు ట్యాంకును ఆ గుర్తుకు పైనే కట్టాలని పట్టుబట్టాం, కట్టాం. ఖర్చు పెరిగింది, పైపులు పొడుగయ్యాయి. ఈ విషయంలో కార్యవర్గంలో రెండో మాట రాలేదు. ఇంకుడు గుంతల మరుగుదొడ్లు చవక అని సూచించినవారికి ఒక వివరణ ఇవ్వాలి. జలాశయం నిండినప్పుడు ఒడ్డు కింద ఊటనీరు కూడా పైకి వస్తుంది. గుంతలోని మురుగు ఆ ఊటలో కలిసి మనం తాగే నీటిలోకే చేరుతుంది. అందుకే గోడలన్నీ మూసిన ట్యాంకు కట్టి, నిండినప్పుడు బండితో తోడించే ఏర్పాటు చేశాం.

ఇక వాహనాల మాట. ఈ ఏడాది మన సభల్లో అన్నిటికన్నా వేడిగా సాగిన చర్చ ఇదే. రహదారి పక్కన మెరక మీద కొత్త పార్కింగు స్థలం, అక్కడి నుంచి గుడారాల దాకా నడక, నీటి వైపు ఒక్క చక్రం కూడా దిగకూడదు: ఇదీ కార్యవర్గం పెట్టిన ప్రతిపాదన. నడవలేనివారి గతేమిటని, టిఫిన్ బండ్లవారి వ్యాపారం పోతుందని సభ్యులు అడిగారు. ఆ ప్రశ్నలు న్యాయమైనవి, వాటివల్లే పథకం బాగుపడింది. వృద్ధులను, సామాను దించి బండి వెనక్కి తిప్పుకోవడానికి మైదానం తలాపున చిన్న మలుపు ఏర్పరిచాం. దాని పక్కనే దివ్యాంగుల వాహనాలకు 3.6 మీటర్ల వెడల్పు గల గళ్లు కేటాయించాం. మామూలు కారుకు 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు సరిపోతుంది. టిఫిన్ బండ్లకు పార్కింగు నుంచి దిగే దారి పొడవునా చింతచెట్ల కింద చోటిచ్చాం. వచ్చినవారంతా ఆ దారినే నడవాలి కనుక బేరం ఏమీ తగ్గలేదని వారే చెబుతున్నారు.

పార్కింగుకు సిమెంటు వేయలేదు. ముతక కంకర పరిచి, పైన మొరం పోసి, నీళ్లు చల్లి రోలరుతో తొక్కించాం. వాన నీరు నిలవకుండా ప్రతి 50 అడుగులకు ఒక అడుగు వాలు ఇచ్చాం. గళ్లను వేరుచేయడానికి రంగుగీతల బదులు సున్నం కొట్టిన రాళ్లు పెట్టాం. మొదటి విడతగా వచ్చిన మొరంలో సగం ఒట్టి మన్నే. చెప్పిన సరుకు ఒకటి, దించినది ఇంకొకటి. ఆ లోడ్లను తిప్పి పంపడంతో పది రోజులు పోయాయి.

ఆ పది రోజులు చాలా ఖరీదైనవని తర్వాత తెలిసింది. 2025లో రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి. జూరాల వైపు నుంచీ తుంగభద్ర వైపు నుంచీ వరద తొందరగా మొదలైంది. జూలై 8న శ్రీశైలం గేట్లు ఎత్తారు. జూలై అంతా చేతిలో ఉందనుకొని దిగువ మెట్ల పనిని చివరకు పెట్టుకున్నాం. నీరు రాళ్ల వరుస దగ్గరకు వచ్చేసింది, మెట్లు సగంలో ఆగాయి. ఒక్క తృప్తి మాత్రం దక్కింది. జలాశయం నిండినప్పుడు నీటి అంచు మనం పాతిన రాళ్ల వెంటే నిలబడింది. ఆ ఉదయం ఒడ్డున నిలబడి చూసినవారి ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి.

గుడారాల కోసం 16 అరుగులు సిద్ధం చేశాం. మొరం పోసి దిమ్మిస కొట్టి, చుట్టూ బండరాళ్లు పేర్చాం. ఇక్కడ జానెడు లోతునే బండ తగులుతుంది, గుడారపు మేకులు దిగవు. సాయంత్రం నీటి మీది గాలి లేస్తే గుడారాలు ఎగిరిపోయేవి. అందుకే అంచు రాళ్లకు ఇనుప కడియాలు బిగించాం, తాళ్లు వాటికే కట్టుకోవచ్చు. రెండేసి అరుగులకు ఒక రాతి పొయ్యి ఉంది. నల్లమల నుంచి కట్టె తేకూడదు, ఒడ్డున వేరే మంటలు వేయకూడదు. వేసవిలో నీరు దూరం జరిగినా రాళ్ల వరుసకు దిగువన గుడారం వేయనివ్వం. పైనుంచి నీరు వదిలితే రాత్రికి రాత్రే మట్టం పెరుగుతుంది, నిద్రలో ఉన్నవారికి తెలియదు. ఈ నిబంధనకు మినహాయింపు ఎవరికీ లేదు, పదవిలో ఉన్నవారికైనా, వారి బంధువులకైనా.

పుట్టీల రేవును, చేపలు ఎండబెట్టే చోటును మైదానం నుంచి విడదీసి రాళ్లతో హద్దు పెట్టాం. అది జాలరులది. అక్కడ ఫొటోలు తీసుకోవాలన్నా వారిని అడగాలి.

ఇప్పుడు మన తప్పు. పార్కింగు నుంచి వచ్చే వాన నీటిని దగ్గరి దారి అని నేరుగా మైదానం వైపు వదిలాం. అక్టోబరు 28, 29 తేదీల్లో మొంథా తుఫాను వానలకు ఆ నీరు మూడు అరుగులను కోసుకుంటూ పోయింది. అనుభవం ఉన్న రైతు ఎవరినైనా ముందే అడిగి ఉంటే, నీటిని వాలుకు అడ్డంగా మళ్లించి మెల్లగా నడిపించాలని చెప్పేవారు. ఇప్పుడు అలాగే చేశాం. కాలువ అడ్డంగా సాగి, రాళ్లు నింపిన గుంతలో ఆగి, బండ్ల నుంచి కారిన నూనె, మట్టి అక్కడ పేరుకున్నాక మిగిలిన నీరే గడ్డి పట్టె మీదుగా కిందికి పోతుంది. కోసుకుపోయిన అరుగులను కార్తీక పౌర్ణమికి ముందే శ్రమదానంతో నిలబెట్టిన యువకులకు సంఘం రుణపడి ఉంది.

నాటిన వేప, కానుగ మొక్కలను చాలావరకు గొర్రెలు మేసేశాయి. గొర్రెల కాపరులను పిలిచి మాట్లాడాం. మిగిలినవాటికి ముళ్ల కంచెలు కట్టింది వారే. సౌరదీపాలు, సూచిక బోర్డులు పూర్తయ్యాయి. పార్కింగు రుసుము ఊరివారికి లేదు, బయటి వాహనాలకు ఉంది. ఆ సొమ్ము మొదట పారిశుద్ధ్య కార్మికుల జీతాలకే వెళ్లాలని తీర్మానించాం.

రాబోయేవి పెద్ద మార్పులు. సోమశిల దగ్గర కృష్ణ మీద వంతెనకు 2022లో రూ. 1,082 కోట్లతో కేంద్రం అనుమతి ఇచ్చింది. సోమశిల, నల్లమల పర్యాటక అభివృద్ధికి 2024లో రూ. 68.10 కోట్లు మంజూరు చేసింది. 2028లో కృష్ణా పుష్కరాలు. ఆ జనం ముందు మన 16 అరుగులు చిన్నవే. అయితే ఏ పథకం కింద ఏది కట్టినా రాళ్ల వరుసను గౌరవించాలని, నీటి వైపు రోడ్డు వేయకూడదని అధికారులకు వినతిపత్రం ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నాం. ఈ సభ ఆమోదం కోరుతున్నాం.

మిగిలిన పనుల్లో మొదటిది దిగువ మెట్లు. చక్రాల కుర్చీ దిగే వాలుదారి రెండోది. 12 అడుగుల నడకకు ఒక అడుగుకు మించి వాలు ఉండకూడదు గనుక అది మనం అనుకున్నదానికన్నా చాలా పొడుగవుతోంది, ఒక మలుపు తిప్పక తప్పదు. ఈసారి జూలైని నమ్ముకోం. శివరాత్రి రద్దీ తగ్గిన వారంలోనే పని మొదలవుతుంది. పార, గంప పట్టగలవారు తమ పేర్లను ఈ సభలోనే కార్యదర్శికి ఇవ్వగలరు.