పొర నిలిచింది పాలిమర్ వల్లేనా?

చిన్నీ,

పాలిఇథిలీన్ ఆక్సైడ్ అనే పాలిమర్ (పొడవాటి గొలుసు అణువుల పదార్థం) కలిపాక సబ్బు పొర ఎక్కువసేపు ఆగుతోందని రాశావు. ఆ గొప్పంతా పాలిమర్‌కే కట్టబెట్టే ముందు నీ ఎస్‌డీఎస్ (సోడియం డోడెసిల్ సల్ఫేట్, నురగ తెచ్చే సబ్బులాంటి పొడి) ద్రావణాన్ని అనుమానించు. నీళ్లలో నిలవుంటే ఎస్‌డీఎస్ కొద్దికొద్దిగా విడిపోయి డోడెకనాల్ అనే కొవ్వు ఆల్కహాల్ పుడుతుంది. అది పొర రెండు ముఖాలకీ చేరి వాటిని బిగిస్తుంది. దాంతో లోపలి నీరు కిందికి జారడం మందగిస్తుంది, పాలిమర్ బొత్తిగా లేకపోయినా సరే.

అందుకే ఒకే పొడితో, ఒకే రోజు రెండు ద్రావణాలు చెయ్యి. ముందు పొడిని వేడి ఇథనాల్‌లో కరిగించి, చల్లార్చి, స్ఫటికాలు వడకట్టి ఆరబెట్టు. తూచేటప్పుడు మాస్క్ పెట్టుకో, ఆ పొడి ముక్కుకి ఘాటుగా తగులుతుంది. ఒక్కో అర లీటరు డిస్టిల్డ్ వాటర్‌కి 2.3 గ్రాములు, అంటే 16 మిల్లీమోలార్ గాఢత. ఒకదాంట్లో మాత్రమే పది లక్షల అణుభారం ఉన్న పాలిమర్ అర గ్రాము.

పాలిమర్‌నే ముందు కరిగించు. స్టిర్రర్ తిరుగుతుండగా చిటికెడు చిటికెడు చల్లు. ఒక్కసారిగా పోస్తే పైన జిగురు, లోపల పొడి ఉన్న ఉండలు కడుతుంది. వాటిని విడగొట్టాలని మిక్సీలో వేశావా, గొలుసులే తెగిపోతాయి. రాత్రంతా మెల్లగా తిరగనిచ్చి, పొద్దున ఎస్‌డీఎస్ కలుపు. గది బాగా చల్లగా ఉండకూడదు. 16 డిగ్రీల కిందికి పోతే ఎస్‌డీఎస్ స్ఫటికాలుగా అడుగున దిగిపోవచ్చు.

ఇంత మోతాదు ఎందుకంటే, ఉత్త నీళ్లలో 8 మిల్లీమోలార్ దగ్గర గాని ఎస్‌డీఎస్ మిసెల్స్ (అణువుల చిన్న గుత్తులు) కట్టదు. ఈ పాలిమర్ ఉంటే 4, 5 దగ్గరే గొలుసు పొడవునా గుత్తులుగా పట్టుకుంటుంది. ఆ గుత్తుల ఋణావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకోవడంతో గొలుసు విచ్చుకుని ద్రావణం చిక్కబడుతుంది. గొలుసులకి పోగా పొర ముఖాలకి సరిపడా మిగలాలి కదా.

ద్రావణంలో ముంచి పొర పట్టించిన ఫ్రేమును గాజు పెట్టెలో నిలువుగా దింపు. అడుగున తడి ఫిల్టర్ పేపర్ వెయ్యి, లేకపోతే ఆవిరై పగులుతుంది. ఇక పొర అంచులు చూడు. పలుచని మచ్చలు అంచుల వెంట సుడులు తిరుగుతూ పైకెక్కుతుంటే ముఖాలు కదులుతున్నట్టే. ఆ కదలిక ఉంటూనే మొత్తం మెల్లబడితే అది చిక్కదనం పని. అంచులు నిశ్చలంగా ఉండి రంగుల చారలు అడ్డంగా మెల్లగా దిగుతుంటే డోడెకనాల్ ఉందన్నమాట. పాలిమర్ లేని ద్రావణంలోనూ ఇదే కనిపిస్తే పొడిని మళ్లీ శుద్ధి చెయ్యాల్సిందే.

షాంపూల్లో వాడే పాలీక్వాటర్నియం లాంటి ధనావేశపు పాలిమర్లు ఇందులో ఇప్పుడే కలపకు. ఆవేశాలు సరిసమానమయ్యే చోట ద్రావణం పాలు విరిగినట్టు తెల్లబడుతుంది. దానికి వేరే మోతాదులు కావాలి, ఈ ఫలితం చూశాక రాస్తాను.

అమ్మ