కందిరీగ కుట్టి నెలలైనా గడ్డ పోలేదా?

తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవులకు ముందు వంటశాల వెనక చింతచెట్టు మీది కందిరీగలు ఐదో తరగతి పిల్లవాడిని మోచేతి దగ్గర కుట్టాయి. ఇప్పుడు సంక్రాంతి దగ్గర పడింది. అక్కడ శనగగింజంత గట్టి గడ్డ ఇంకా అలాగే ఉంది. మొన్న లెక్కల పరీక్షలో వాడు బల్ల కింద స్కేలు అంచుతో దాన్ని గీరుకుంటూ దొరికాడు. ఇంట్లో రక్తం చెడిందనుకుని వేపాకు నూరి పూస్తున్నారట. వాళ్ళ అమ్మగారిని అడిగే ఇది రాస్తున్నాను.

రక్తం ఏమీ చెడలేదు. మామూలుగా వాపు రెండు రోజులు పెరిగి, వారం పది రోజుల్లో తీస్తుంది. కొందరికి మాత్రం విషాన్ని ఎదుర్కోవడానికి వచ్చిన కణాలు ఆ చోటే తిష్ఠ వేస్తాయి. గడ్డ, దురద అందువల్లే. గీరిన కొద్దీ అది మొండికేస్తుంది, గోటి మురికి చేరితే చీము పడుతుంది.

నెల దాటితే చర్మవైద్యునికి చూపించండి. పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రికి వెళ్ళేవారు ఆయన ఏ రోజుల్లో ఉంటారో ముందే కనుక్కోండి. సాధారణంగా స్టెరాయిడ్ పూతమందు, దురదకు మాత్ర ఇస్తారు. లొంగకపోతే గడ్డలోకే ఇంజెక్షన్ చేస్తారు. గడ్డ అణిగాక మిగిలే నల్లమచ్చ పోవడానికి నెలలు పట్టవచ్చు, దానికి కంగారు అక్కర్లేదు. చీటీ లేకుండా దుకాణంలో అడిగి తెచ్చే ట్యూబులు మాత్రం వద్దు. వాటిలో చాలావాటిలోనూ స్టెరాయిడ్ ఉంటుంది, లెక్క లేకుండా రాస్తే చర్మం పలచబడుతుంది.

మా తప్పూ ఒకటుంది. ఆ రోజు వంట చేసే ఆమె తన వక్కల సంచిలోంచి సున్నం తీసి రాస్తుంటే పక్కనే ఉన్న నేను వద్దనలేదు. సున్నం చర్మాన్ని కాలుస్తుంది. సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టాల్సింది.

జీడితోటలు పూతకొస్తున్నాయి, తేనెటీగలూ వస్తాయి. కందిరీగలా కాకుండా తేనెటీగ ముల్లు వదిలిపోతుంది. దాన్ని గోటితో వెంటనే గీకి తీసేయండి. ముఖం వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా ఇంటివైద్యం చేస్తూ కూర్చోకండి, 108కి ఫోను చేయండి. అప్పుడు ప్రాణం నిలబెట్టేది తొడకు వేసే అడ్రినలిన్ ఇంజెక్షనే.

చింతచెట్టు గూడును ఆదివారం చీకటి పడ్డాక తీయిస్తున్నాం. అంతవరకు పిల్లలు అటు వెళ్ళరు. ఆ పిల్లవాడి స్కేలు నా సొరుగులో ఉంది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని