మంత్రిగారూ, రాజుగారి ఉత్తరాలు కూడా చరిత్రే

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ మంత్రిగారికి నమస్కారాలతో,

సాంఘికశాస్త్రం పుస్తకాల మీద మేం పెట్టుకున్న మూడు అర్జీలకూ జవాబు ఒకటే: ‘పరిశీలనలో ఉంది’. అది తేలేలోపు ఇంకో పునర్ముద్రణ అచ్చయిపోయేలా ఉంది. అందుకే ఈసారి నలుగురికీ కనబడేలా రాస్తున్నాం. కొత్త పాఠం అడగలేదండీ, సిలబస్ మార్చమనీ అనలేదు. పాలకుల పెళ్లిళ్లూ ప్రేమలూ రాసేటప్పుడు భార్యాపిల్లల సగం రాసి, ద్విలైంగికతను, అంటే ఆడా మగా ఇద్దరి మీదా ఇష్టం కలగడాన్ని, సూచించే మిగతా సగం లేనట్టు ఊరుకోవద్దన్నాం.

ఒక్క రాజును తీసుకోండి. 1611లో ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నంలో దిగేనాటికి లండన్ గద్దె మీదున్నవాడు మొదటి జేమ్స్. 1615లో జహంగీర్ దగ్గరికి థామస్ రోను రాయబారిగా పంపిందీ ఆయనే. కోస్తా జిల్లాల చర్చిల్లో పెద్దలు తలుచుకునే కింగ్ జేమ్స్ బైబిల్ అచ్చయిందీ ఆ 1611లోనే. అంటే పిల్లలకు మరీ పరాయివాడేం కాదు.

ఈయన 1589లో డెన్మార్క్ రాకుమారి ఆన్‌ను చేసుకున్నాడు. తుఫానులకు ఆమె ఓడ రాలేకపోతే తానే ఓడెక్కి నార్వే వెళ్లి పెళ్లాడి తెచ్చుకున్నాడు. ఏడుగురు పిల్లలు పుడితే ముగ్గురే పెద్దవాళ్లయ్యారు. 1614లో జార్జ్ విలియర్స్ అనే 21 ఏళ్ల యువకుడు ఆయన కంటపడ్డాడు. తొమ్మిదేళ్లు తిరిగేసరికి బకింగ్‌హామ్ డ్యూక్ అయి కూర్చున్నాడు. 1617లో మంత్రిమండలి ఎదుటే రాజు, క్రీస్తుకు యోహాను (ఆయన ప్రియశిష్యుడు) ఉన్నాడు, నాకు నా జార్జ్ ఉన్నాడు అన్నాడు. 1623 చివర్లో రాసిన ఉత్తరంలోనైతే, నువ్వు లేకుండా విధవ బతుకు బతికేకంటే నీతో కలిసి ఏ మూలో ప్రవాసముండటం నయం అంటాడు. ముగింపులో అతన్ని బిడ్డా అనీ భార్యా అనీ పిలిచి, తనను తండ్రిగా, భర్తగా చెప్పుకుంటాడు. ఇంగ్లండ్‌లోని అపెథార్ప్ భవనంలో 2004 తర్వాత జరిగిన మరమ్మతుల్లో ఇద్దరి పడకగదులనూ కలిపే దారి కూడా బయటపడింది. ఆ రోజుల్లో ఆస్థానం భాషే అంత గాఢంగా ఉండేది, దీన్నిబట్టి ఏదీ తేల్చలేం అనే చరిత్రకారులూ ఉన్నారు. ఆ మాటా చెప్పండి. కాగితం చూపించకుండానే వాదన కొట్టెయ్యడం మాత్రం చరిత్ర పాఠం కాదు.

ద్విలైంగికత జారిపోయేది సరిగ్గా ఇక్కడే. పెళ్లయింది, పిల్లలున్నారు, ఇంకేం కావాలని బడి పుస్తకం తలుపు వేసేస్తుంది. విలియర్స్ ఉత్తరాలు చదివినవాళ్లేమో ఆయన గే, పెళ్లి ఉత్త రాజకీయం అంటారు. నార్వేకు ఓడెక్కినవాడూ విధవ బతుకని రాసినవాడూ ఒకే మనిషి అయ్యుండొచ్చన్న ఊహ ఇద్దరికీ రాదు.

ఆధారాలు గట్టివి కావంటారేమో. మరి భాగమతి సంగతేంటండీ? హరూన్ ఖాన్ షేర్వానీ అంతటి చరిత్రకారుడు ఆమె ఉనికినే శంకించారు. అయినా హైదరాబాద్‌లో ఏ పిల్లాణ్ణడిగినా కులీ కుతుబ్ షా ప్రేమకథ గడగడా చెబుతాడు. మేమూ వద్దనం, అందమైన కథే. రాజుగారు స్వయంగా రాసుకున్న ఉత్తరానికి ఇంకో తూకం ఎందుకన్నదే మా ప్రశ్న.

మాట విషయంలో మరో చిక్కుంది. మన హైస్కూలు పిల్లలకు, ద్విలైంగికులకు ఇంగ్లీషులో వాడే ‘బైసెక్సువల్’ అనే మాట ఎదురయ్యేది జీవశాస్త్రంలో, మందార పువ్వు దగ్గర. తెలుగులో దాన్ని ద్విలింగ పుష్పం అంటున్నాం: కేసరాలూ అండకోశమూ ఒకే పువ్వులో ఉంటాయని. రెండు భాషల్లో పక్కపక్కనే అచ్చువేసిన పుస్తకం చదివినవాడు మనుషుల విషయంలోనూ అదే అర్థం అనుకోడా? ఇష్టం వేరు, శరీర నిర్మాణం వేరు అని చెప్పేవాళ్లు లేక, ఎగతాళికి ఆ మాటే పనికొస్తోంది. ద్విలింగ, ద్విలైంగిక: ఈ రెంటి తేడా చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. రెండే!

ఓరుగల్లు ఉదాహరణ పెడదామంటే ఇంకా జాగ్రత్త కావాలి. 1309-10లో ప్రతాపరుద్రుడి కోటను ముట్టడించిన సేనాని మాలిక్ కాఫూర్ మీద ఢిల్లీ సుల్తాన్ అల్లావుద్దీన్ ఖిల్జీకి మోహం ఉండేదని ఆనాటి చరిత్రకారుడు జియాఉద్దీన్ బరనీ రాశాడు. కానీ బరనీకి కాఫూర్ అంటే ఒళ్లుమంట, రాసింది దశాబ్దాల తర్వాత. పైగా కాఫూర్ గుజరాత్ దండయాత్రలో పట్టుబడిన బానిస. యజమానికీ బానిసకూ మధ్య ఉన్నదాన్ని ప్రేమ అని రాసేస్తే అదో అబద్ధం. ఒక్క సుల్తాన్‌నే చూపించి జేమ్స్‌ను దాచేస్తే పాఠం కాస్తా మతం మీద బురదవుతుంది. ఇవన్నీ మా రెండో అర్జీలో ఉన్నాయి. ఎవరైనా తెరిచి ఉంటే.

భయం మాకూ తెలుసు. 2021లో ట్రాన్స్‌జెండర్ పిల్లల గురించి టీచర్ల కోసం చేసిన కరదీపికను ఎన్‌సీఈఆర్‌టీ ఇలా వెబ్‌సైట్‌లో పెట్టి అలా తీసేసింది. అయితే స్వలింగ సంబంధం నేరం కాదంటూ 377 సెక్షన్ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 2018లో కదా, ఇంకా ఎవరికి జడవాలి?

ఐరోపా కంపెనీల పాఠంలో 120 మాటల పెట్టె ఒకటి ఇవ్వండి. ఉత్తరంలో రెండు వాక్యాలు, పెళ్లి ప్రయాణం గురించి ఒకటి, చరిత్రకారుల అభ్యంతరం ఒకటి, కింద ఒకే ప్రశ్న: ఈ ఆధారం ఏం చెబుతోంది, ఏం చెప్పడం లేదు? అనువాదం చేసేవాళ్లు ‘భార్య’ను ‘ఆంతరంగికుడు’గా మార్చకుండా చూడండి, ఇలాంటివి చచ్చేది అక్కడే. టీచర్ల కరదీపికలో రెండు పేజీలు తప్పనిసరి, లేకపోతే ఆ పెట్టెను అందరూ దాటేసి పోతారు. దయచేసి బిట్ పేపర్లో మాత్రం ఇవ్వొద్దు. ‘జేమ్స్ ప్రియుడెవరు? ఎ, బి, సి, డి’ అని గైడ్లలో చూసే గతి మాకు పట్టించకండి.

పెట్టె ఒకటి, పేజీలు రెండు. ఇంతకంటే ఏమీ అడగడం లేదు సార్. పాత అర్జీల నకళ్లు మూడూ జతచేశాం. నాలుగోసారి ‘పరిశీలనలో ఉంది’ అని రాయించడానికి వీలుగా కింద కొంత ఖాళీ కూడా వదిలాం.

ఇట్లు,
కొందరు సాంఘికశాస్త్రం ఉపాధ్యాయులు